పదకొండు నిమిషాల గడప

ఫోన్ల గది, రెండో అంతస్తు
జూన్ 9, మంగళవారం

మరదలు పిల్లకి,

ముందు ఫిర్యాదు, తర్వాతే క్షేమసమాచారాలు.

మీ హెడ్డాఫీసు వాళ్లు పెట్టిన నెట్‌వర్కు నన్ను లోపలికి రానివ్వడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటోంది. ఆఫీసులో ఉన్న రోజు పేచీ లేదు. అదే ల్యాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని ఇంటికెళ్లి తెరిస్తే మాత్రం, నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెడుతుంది. తెర మధ్యలో ఒక సున్నా గిరగిరా తిరుగుతుంటుంది. దాని కింద 'మీ వివరాలు సరిచూస్తున్నాం' అని ఉంటుంది. నన్ను మీ ఇంటికి కోడలిగా తెచ్చుకునే ముందు మీ అమ్మ కూడా ఇన్ని వివరాలు చూడలేదు.

పోనీ ఫిర్యాదు చేద్దామంటే, ఫిర్యాదు పేజీ ఆ నెట్‌వర్కు లోపలే ఉంది. లోపలికి వెళ్లాక బాధ ఉండదు, బయట ఉన్నంతసేపూ పేజీ ఉండదు. ఇది ఎవరి తెలివో గానీ వాళ్లకో నమస్కారం. నీ తెలివే అయితే రెండు నమస్కారాలు. అందుకే కాగితం మీద రాసి, మంగళ, శుక్రవారాల్లో పాడైపోయిన లిఫ్టు బోర్డులు మోసుకుంటూ మీ ఊరొచ్చే ఆఫీసు సంచిలో పడేస్తున్నాను.

నా పని నీకు తెలిసిందేగా. మన కంపెనీ లిఫ్టుల్లో ఎవరైనా ఇరుక్కుని ఎర్ర బొత్తాం నొక్కితే పలికే గొంతుల్లో నాదొకటి. నాలుగో కుర్చీ. ఆ పదకొండు నిమిషాలూ నా వంతు కాల్స్ మూడో కుర్చీ ఆవిడకి పోతాయి. ఆవిడ వేరేవాళ్లతో మాట్లాడుతుంటే అలా మోగుతూనే ఉంటాయి. లిఫ్టులో నిలబడ్డ మనిషికి ఒక్క నిమిషం ఎంత పొడుగో వింటే గానీ తెలీదు.

ఇక అసలు సంగతి. మా సూపర్‌వైజరుకి మేం గడియారం గారని పేరు పెట్టుకున్నాం. మంచినీళ్లకి వెళ్లినా టైము రాసుకుంటారు కాబట్టి. ఆయన నిన్న మా అందరికీ చెప్పేశారు. ఇంటి నుంచి లోపలికి రావడం ఆగస్టు ఆఖరుకల్లా ఒక్క నిమిషంలోపుకి రాకపోతే ఫోన్ల విభాగానికి ఇంటి పని రద్దట. ఇప్పుడు నాకు రెండు రోజులు ఆఫీసు, మూడు రోజులు ఇల్లు. వారమంతా రావడమంటే నావల్ల కాదు, ఉద్యోగం మానుకోవాల్సిందే. నీ చేతిలో పనైతే ఏదో ఒకటి చెయ్యి.

నీ వదిన

తా.క. ఫోను చెయ్యకు. రోజంతా చెవిలో గొంతులే. నీ గొంతునైనా కాగితం మీద విననీ.


సర్వర్ల గది పక్క గది
జూన్ 12

వదినకి,

ఆ రెండు నమస్కారాలూ నావే. ఫిర్యాదు పేజీ ఎక్కడుండాలో తేల్చిన మీటింగులో నేనూ ఉన్నాను, తలూపాను కూడా. నీ ఉత్తరాన్ని మా పెద్దసారుకి చదివి వినిపించాను. నవ్వి, వెంటనే నవ్వాపుకున్నారు. పేజీని బయటికి తెచ్చే పని నాకే అప్పగించారు.

నెట్‌వర్కు ఏం చేస్తుందో నీకు అర్థమయ్యేలా చెప్తాను. దాన్ని ఒక కాపలా మనిషి అనుకో. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఒక చీటీ ఇస్తాడు. నువ్వు ల్యాప్‌టాప్ మూసి ఇంటికెళ్తే ఆ చీటీ చెల్లదు. కొత్త చీటీ ఇవ్వాలంటే ముందు ఎక్కడి నుంచి వచ్చావని అడుగుతాడు. తర్వాత నీ మిషన్ని పరీక్షిస్తాడు. వైరసు మందు పాతబడిందా, తాళాలు సరిగ్గా ఉన్నాయా, అన్నీ గడప దగ్గరే నిలబెట్టి చూస్తాడు. దీనికి అందరికీ మూడు నిమిషాలు పడుతోంది. అదే ఎక్కువని మేం తలలు పట్టుకుని కూర్చున్నాం.

నీకు పదకొండు అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మీ విభాగంలో పందొమ్మిది మంది లెక్కలు తీశాను. పద్ధెనిమిది మందికి మూడు. నీకొక్కదానికే పదకొండు, అదీ ప్రతిసారీ పదకొండే. ఈ తేడా నా బుర్రలో దూరిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు. తప్పు నీ మిషన్లో ఉందో, నా రూల్లో ఉందో తేలాలి. నువ్వు ఇంటికెళ్లి సంచి తీసిన దగ్గర్నుంచి ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా రాయి. ఏ గది, ఏ బల్ల, పక్కన ఏముంది, అన్నీ. నవ్వను.

ఇంకొకటి. మీ ఇంటికీ ఆఫీసుకీ పది నిమిషాల నడక. వారమంతా వెళ్లడం నీవల్ల కాదంటావేం? మోకాళ్ల నొప్పులా?

నువ్వు ఫోను వద్దని రాయకముందే, మొన్న ఆదివారం అన్నయ్యకి చేశాను. నువ్వు స్నానానికి వెళ్లావన్నాడు. కిందటి ఆదివారమూ అంతే అన్నాడు. ఏం సబ్బు వాడుతున్నావో చెప్పు, నేనూ కొనుక్కుంటాను.

నీ ఆడపడుచు


ఇల్లు
జూన్ 17, బుధవారం

ఆడపడుచు గారికి,

పెత్తనం మొదలెట్టావుగా. మోకాళ్లు బాగానే ఉన్నాయి. సబ్బు మామూలుదే.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున ఏడున్నరకి కిటికీ పక్క బల్ల తుడుస్తాను. ల్యాప్‌టాప్ పెట్టి, వైరు గోడకి తగిలిస్తాను. హెడ్‌సెట్ మెడలో వేసుకుంటాను. వైఫై దానంతట అదే అందుకుంటుంది, నేను ముట్టుకోను. పాస్‌వర్డ్ కొట్టి, వేలిముద్ర పెట్టి, సున్నా తిరగడం మొదలవగానే లేచి టీ పెట్టుకుంటాను. టీ తాగడం పూర్తయి, గ్లాసు కడిగి, తిరిగొచ్చి కూర్చున్నా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కింద మిషన్ గీమని అరుస్తుంటే కిటికీ వేస్తాను. అప్పటికి తెర తెల్లబడి నా కాల్స్ బోర్డు వస్తుంది. అంతే. ఇందులో నేను చేసే తప్పేముందో నువ్వే చెప్పు.

నీ కాపలా మనిషి కథ చదివి నాకో మాట తోచింది. మా పుస్తకంలో కూడా మొదటి ప్రశ్న అదే. 'మీరు ఎక్కడున్నారు?' ఎవరు ఫోను ఎత్తినా ముందు అదే అడగాలి. చేరిన కొత్తల్లో నేనూ అడిగేదాన్ని. వాళ్లేం చెప్తారు? 'తెలీదమ్మా, మధ్యలో ఉన్నాం' అంటారు. తలుపు తెరుచుకుంటే కదా ఏ అంతస్తో తెలిసేది. ఆ ప్రశ్నతో ఉన్న భయం కాస్తా రెట్టింపవుతుంది. నిజానికి ఏ బిల్డింగు, ఏ లిఫ్టు, ఏ రెండు అంతస్తుల మధ్య అనేది బొత్తాం నొక్కగానే నా బోర్డు మీద పడుతుంది. మళ్లీ వాళ్లనడగడం దేనికి? అందుకని నేను 'ఎవరండీ మాట్లాడేది? మీతో ఇంకెవరున్నారు?' అని మొదలుపెడతాను. పేరు చెప్పగానే ఊపిరి కుదుటపడుతుంది, చెవికి తెలుస్తుంది. మొదటి ప్రశ్న అడగనందుకు గడియారం గారు ప్రతి నెలా నాకు మార్కులు కోస్తారు. కోసుకోనీ.

నీ వదిన


సర్వర్ల గది పక్క గది
జులై 3

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నాకు నచ్చని పని చేసి రాస్తున్నాను.

నీకు పదకొండు ఎందుకో తెలిసింది. కాపలా మనిషికి మేం ఇచ్చిన జాబితాలో ఒక్కొక్కరికీ రెండే చోట్లు ఉన్నాయి. ఒకటి ఆఫీసు, రెండోది ఇల్లు. ఇంటి పనికి అనుమతి అడిగేటప్పుడు ఫారంలో నువ్వు రాసిచ్చిన ఇల్లు. ఆ రెండింట్లో ఏదీ కాని చోటు నుంచి వస్తే అతను మామూలు పరీక్షలతో ఆగకుండా ఉన్నవన్నీ చేస్తాడు. అవి పదకొండు నిమిషాలు పడతాయి. నువ్వు వస్తున్నది అన్నయ్య ఇంటి నుంచి కాదు. ఆ ఊరి నుంచే కాదు. మార్చి నుంచీ ఇంతే.

నువ్వు రాసిన 'కింద మిషన్' కూడా అప్పుడు గుర్తొచ్చింది. అన్నయ్యది నేల మీది ఇల్లు, కింద ఏముంటుంది? ముందే పట్టుకోవాల్సింది. లెక్కల్లో పడి వదిలేశాను.

నేను చూడాలని చూడలేదు. తప్పు ఎక్కడుందో వెతుకుతూ వెళ్తే ఊరి పేరు కళ్లబడింది. ఇప్పుడు నాకు రెండు బాధలు. ఫారంలో లేని చోటు నుంచి ఎవరైనా వస్తుంటే రాసివ్వాలని మా నిబంధన. ఈ నెల ఇరవైలోగా నేను రాసివ్వాలి. రాసిస్తే నీ ఇంటి అనుమతి తీసేస్తారు. రాయకపోతే నేను దొంగలెక్క రాసినట్టు. నీతో చెప్పకుండా మాత్రం ఒక్క అక్షరం రాయను.

రెండో బాధ నీకు తెలుసు. అన్నయ్య ప్రతి ఆదివారం నువ్వు స్నానానికి వెళ్లావంటున్నాడు. నాలుగు నెలలుగా స్నానం చేస్తూనే ఉన్నావా వదినా?

ఎక్కడున్నావు?

నీ ఆడపడుచు


ఫోన్ల గది, రెండో అంతస్తు
జులై 7

హెడ్డాఫీసు నెట్‌వర్కు ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం అందింది. రాసిచ్చెయ్యండి.

నేను సాయం చెయ్యమని అడిగాను, వెనకాల తిరగమని అడగలేదు. బల్ల ఎక్కడ, గ్లాసు ఎక్కడ అని అడిగినప్పుడే నాకు బుద్ధి ఉండాల్సింది. మా మరదలు పిల్లకి కుతూహలం ఎక్కువని మురిసిపోయి రాశాను.

మీ చివరి ప్రశ్నకి జవాబు లేదు.

ఫోన్ల విభాగం, నాలుగో కుర్చీ


తాళంచెవుల కొట్టు మీది గది
జులై 9, గురువారం

మరదలా,

నీ జవాబు వచ్చేలోపే రాస్తున్నాను. కోపం బస్సు దిగేసరికే తగ్గిపోయింది. ఇక్కడికి రెండు గంటల ప్రయాణం, అంతసేపు కోపం మోయడం నాకు చేతకాదు. రెండు రోజులైతే ఈ ప్రయాణం చెయ్యగలను. అయిదు రోజులు నావల్ల కాదని అందుకే రాశాను. ఇంతకంటే చవగ్గా, దగ్గరగా గది దొరకలేదు.

మీ అన్నయ్య చెడ్డవాడని నేను ఎవరితోనూ అనలేదు, నీతోనూ అనను. కొట్టలేదు, తిట్టలేదు. పిలుస్తారు. అంతే. వంటింట్లో ఉంటే హాల్లోంచి 'ఎక్కడున్నావ్?' హాల్లో ఉంటే పెరట్లోంచి 'ఎక్కడున్నావ్?' ఆఫీసుకెళ్తే మధ్యాహ్నం ఫోనులో అదే మాట. మొదట్లో ప్రేమే అనుకున్నాను. పదకొండేళ్లలో దాని వెనక రెండో ప్రశ్న ఎప్పుడూ రాలేదు. బట్టలు ఎక్కడున్నాయో, కళ్లజోడు ఎక్కడుందో, నేనెక్కడున్నానో. దొరికితే చాలు, వెళ్లిపోతారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఇంటి నుంచి పని చేస్తున్నాను. లిఫ్టులో ఒక పెద్దాయన ఒక్కడే ఇరుక్కున్నాడు. దీపం పోయింది. ఆయనకి ఊపిరి అందడం లేదు. మనవరాలి గురించి చెప్పించి, నెమ్మదిగా దారికి తెస్తున్నాను. మీ అన్నయ్య తలుపు తోసుకుని వచ్చారు. 'ఎక్కడున్నావ్ ఇందాకట్నుంచీ?' అన్నారు. చెయ్యి చూపించి ఆగమన్నాను. నా చెవుల మీంచి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, గోళ్ల కత్తెర ఎక్కడుందని అడిగారు.

బల్ల మీంచి ఆ పెద్దాయన గొంతు చిన్నగా వినిపిస్తోంది. 'అమ్మా, ఉన్నావా? అమ్మా?' అంటున్నాడు.

నేను హెడ్‌సెట్ తీసుకుని 'ఉన్నానండీ' అన్నాను. మెకానిక్కు వచ్చి తలుపు తీసేదాకా ఉన్నాను. ఆయన క్షేమంగా దిగాడు. నేను ఆ వారంలోనే వచ్చేశాను. కత్తెర సొరుగులో ఉందని చెప్పే వచ్చాను.

నీకెందుకు చెప్పలేదంటే భయమేసింది. ఆ ఇల్లు వదిలేస్తే నువ్వు నాకేమవుతావో తెలీలేదు. ఆయన మీద నాకు దిగుల్లేదు గానీ, నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఉత్తరం మీద 'ఇల్లు' అని రాసి, కింద 'నీ వదిన' అని సంతకం పెట్టినప్పుడల్లా రెండూ అబద్ధాలేనేమో అనిపించేది.

ఫారంలో ఇల్లు అనే గడి ఉంది చూడు, అందులో ఈ గది రాయాలంటే మీ అన్నయ్య ఇంటి నుంచి వచ్చేశానని ఆఫీసులో చెప్పుకోవాలి. దానికి ధైర్యం చాల్లేదు. నువ్వు రాసివ్వకు. నేనే చెప్తాను, మంగళవారం.

సంతకం ఏమని పెట్టాలో తెలీడం లేదు.


సర్వర్ల గది పక్క గది
జులై 14

వదినా,

నేనేమని పిలవాలో నాకు తెలుసు కాబట్టి పిలిచాను. నీకు అభ్యంతరమైతే చెప్పు, వినను.

నా ఉత్తరం కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను. చివర్లో నేనూ అదే రాశాను. 'ఎక్కడున్నావు?' అని. అప్పటికే ఊరు పేరు నా ముందు తెర మీద ఉంది, అయినా అడిగాను. సిగ్గేసింది. మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే ఇది. నేను కట్టిన నెట్‌వర్కుకీ అంటించాను.

జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ చదివాను. బొత్తాం నొక్కగానే లిఫ్టు ఎక్కడుందో నీ బోర్డుకి తెలుసు, మళ్లీ అడగడం దేనికని రాశావు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా కాపలా మనిషి మూడు నిమిషాల్లో ఎక్కువభాగం ఎక్కడి నుంచి వచ్చావనే దాని మీదే తగలేస్తాడు. ఆ జవాబుతో అతనికి ఒరిగేదేమీ లేదు. తెలిసిన ఇంట్లోంచి దొంగ రావచ్చు, తెలియని ఊళ్లోంచి నువ్వు రావచ్చు.

పెద్దసారు ముందు పెట్టాను. మనిషి ఎవరు, మిషను ఎవరిది, అది ఆరోగ్యంగా ఉందా, ఈ మూడే చూద్దామన్నాను. పరీక్షలు గడప దగ్గర వద్దు. ల్యాప్‌టాప్ ఖాళీగా ఛార్జింగులో ఉన్నప్పుడే చేసేసుకుని, ఫలితం చీటీలా తన దగ్గర పెట్టుకోవాలి. మనిషి వేలిముద్ర పెట్టాలి, మిషను చీటీ చూపించాలి, తలుపు తెరుచుకోవాలి. ఆఫీసు నుంచి ఇంటికెళ్లినా, ఇంటి నుంచి ఇంకెక్కడికెళ్లినా చీటీ చింపక్కర్లేదు. ఆయన చాలాసేపు పెన్సిలు కొరికి, 'ఈ ఆలోచన ఎవరిది?' అన్నారు. లిఫ్టుల్లో మాట్లాడే ఒకామెదని చెప్పాను. నమ్మలేదు.

ముందుగా మీ విభాగంలోనే పెట్టి చూడమన్నారు. ఆగస్టు పదిహేడున మొదలు. పని చేస్తుందో లేదో నాకూ తెలీదు. చెయ్యకపోతే గడియారం గారి మాటే ఖాయం.

నీ మరదలు


ఫోన్ల గది, రెండో అంతస్తు
జులై 17

మరదలా,

మంగళవారం చెప్పేశాను. గడియారం గారి గదిలోకి వెళ్లి, ఫారంలో ఇల్లు తప్పు, మార్చాలి, మార్చిలోనే చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాను. కారణం అడుగుతారని రెండు గంటలు బస్సులో కూర్చుని జవాబు కట్టుకుని వెళ్లాను. ఆయన కొత్త అడ్రసు రాసుకున్నారు. ఆలస్యానికి ఒక మెమో ఇచ్చారు. తర్వాత తల ఎత్తకుండానే 'తిరుగు బస్సు ఎన్నింటికమ్మా?' అన్నారు. అయిదున్నరకన్నాను. ఆఫీసు రోజుల్లో నా డ్యూటీ అయిదుకి అయిపోయేట్టు చార్టు మార్చారు. ఆ మనిషి టైములు రాసుకోవడం మొదటిసారి నాకు పనికొచ్చింది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డావని చదివి, బస్సులో ఒక్కదాన్నే నవ్వాను. పక్క సీటు ఆవిడ కాస్త జరిగి కూర్చుంది.

సంతకం చోటు ఖాళీగా వదిలేస్తున్నాను. పదిహేడో తారీకు తర్వాత చూద్దాం.


సర్వర్ల గది పక్క గది
ఆగస్టు 18

వదినా,

నిన్న పొద్దున ఏడున్నరకి నా తెర ముందు కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను. పందొమ్మిది పేర్లూ ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఆకుపచ్చ అవుతున్నాయి. ముప్పై సెకన్లు, ఇరవై ఆరు, ముప్పై ఒకటి. నాలుగో కుర్చీ మాత్రం కదల్లేదు. నీ పేరు ఆకుపచ్చ అవడానికి పట్టింది పధ్నాలుగు సెకన్లేనని, నువ్వే అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టావని తర్వాత చూశాను. ముందు టీ పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నావు కదూ?

గడియారం గారు పెద్దసారుకి రాశారు. ఇంటి పని రద్దు లేదు.

ఆదివారం అన్నయ్యకి ఫోను చేశాను. వదిన ఏదన్నాను. స్నానానికెళ్లిందన్నాడు.

'ఇంక చాలు అన్నయ్యా, జలుబు చేస్తుంది' అన్నాను.

'నీకు తెలుసా?' అన్నాడు.

'తెలుసు.'

'ఎక్కడుంది?'

'అది చెప్పను. ఇంకేదైనా అడుగు.'

ఫోను పెట్టేశాడేమోనని రెండుసార్లు హలో హలో అన్నాను. పెట్టలేదు.

'ఎలా ఉంది?' అన్నాడు.

బాగుందని చెప్పాను. తప్పు చెప్పానా? అతన్ని క్షమించమని రాయడం లేదు. ఆ మాట అడిగాడని నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, అంతే. నువ్వు తిరిగి వెళ్లినా, వెళ్లకపోయినా నాకు వదినవే.

నేను రెండు రోజులు సెలవు పెట్టుకున్నాను. నీ దగ్గరికి రావాలనుంది. దారి అడగను. ఎలా ఉన్నావో మాత్రం నువ్వే రాయి.

నీ మరదలు


తాళంచెవుల కొట్టు మీది గది
ఆగస్టు 20, గురువారం

మరదలా,

బాగున్నాను. తప్పు చెప్పలేదు.

టీ సంగతి కనిపెట్టేశావు. అలవాటుకొద్దీ పదకొండు నిమిషాలు ఉన్నాయనుకుని పొయ్యి ముట్టించాను. వేలిముద్ర పెట్టి అలా తిరిగానో లేదో తెర తెల్లబడింది, మొదటి కాల్ మోగింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, చేతుల్లో కొత్త పరుపు, పరుపుతో సహా మధ్యలో ఇరుక్కున్నారు. వాళ్ల పేర్లు కనుక్కుని, ఆ పరుపు ఎవరి గదిలోకో కనుక్కునేలోపు టీ మొత్తం పొంగిపోయింది. మొన్న కొన్న గిన్నె మాడింది. ఆ గిన్నె నీ ఖాతాలో రాసుకున్నాను.

మీ అన్నయ్య అడిగిన మాట రెండుసార్లు చదివాను. ఇప్పుడేమీ అనలేను. అడిగారని తెలిసింది, నాకు సంతోషమే.

నువ్వు దారి అడగలేదు. అందుకే చెప్తున్నాను. బస్సు ఆఖరి స్టాపులో దిగు. దిగిన వైపే నడువు, రోడ్డు దాటకు. మందుల షాపు, దాని పక్కన సైకిళ్ల షాపు, ఆ తర్వాత తాళంచెవుల కొట్టు. మిషన్ గీమంటుంటే అదే. కొట్టాయన ఎవరు కావాలని అడుగుతాడు. నా మరదలినని చెప్పు, ఆయనకి నీ సంగతి ముందే చెప్పాను. పక్క సందులోంచి మెట్లున్నాయి. మూడో మెట్టు ఊగుతుంది, దాన్ని తొక్కకుండా పైకి రా. తలుపు తీసే ఉంచుతాను.

నీ వదిన